పాత టర్బో కారు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

మన తిరుపతి, చిత్తూరు వైపు సెకండ్ హ్యాండ్‌లో చిన్న స్పోర్టీ కారు కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఐదు నెలల క్రితం రూ. 5,60,000 పెట్టి ఒక టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి శక్తి పెంచే టర్బో ఉన్న చిన్న కారు) కొన్నాను. అది చెన్నై వరదలో మునిగిన బండి అని కొన్న పంతొమ్మిదో రోజున తెలిసింది. ఇప్పటికి రిపేర్లకే రూ. 2,10,000 అయింది, పని ఇంకా పూర్తి కాలేదు. బండి ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. అమ్మిన యార్డు మీద ఫిర్యాదు పెడుతున్నాను, అది తేలేదాకా వాళ్ల పేరూ రాయను.

ఇలాంటి బండి మీద నాకు ఎప్పటినుంచో మోజు. పోలో జీటీ, బాలెనో ఆర్ఎస్, ఫిగో ఎస్ లాంటివి కొత్తగా వచ్చినప్పుడు కొనే స్తోమత లేదు. ఇప్పుడు కొందామంటే షోరూముల్లో లేవు. బాలెనో ఆర్ఎస్ 2020లో ఆగిపోయింది. మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. పోలో 2022లో ఆగింది. కావాలంటే ఎవరో వాడినదే కొనాలి. వెతికేవాళ్లు ఎక్కువ, మంచి బండ్లు తక్కువ. అందుకే ఒకటి కనబడగానే ఎక్కడ చేజారిపోతుందో అని తొందరపడతాం. నేను పడ్డాను.

యార్డుకు ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్లాను. ఎర్ర బండి, తమిళనాడు రిజిస్ట్రేషన్, 2018 మోడల్, 41,000 కిలోమీటర్లు, సింగిల్ ఓనర్. పాలిష్ కొట్టి అద్దంలా పెట్టారు. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. "ఇప్పుడే ఏసీ చెక్ చేశాం సామీ" అన్నాడు బ్రోకరు. సరే అనుకున్నాను. వెనక అద్దాలు రెండూ సగం దించి ఉన్నాయి. లోపల మల్లెపూల సెంటు ముక్కుకు కొట్టేంత ఉంది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు. ఇంత శ్రద్ధగా చూసుకున్నారే అని సంతోషపడ్డాను కానీ, ఏడేళ్ల బండికి ఇన్ని కొత్తవి ఎందుకు వేశారని అడగలేదు. కిలోమీటర్ల గురించి మాత్రం గుచ్చి గుచ్చి అడిగాను. "మీటరు తిప్పలేదు సామీ, కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తా" అన్నాడు. మన జిల్లాలో ఆ మాట అన్నాక ఇంకేం అడుగుతాం? తర్వాత తెలిసిందేమిటంటే మీటరు నిజంగానే తిప్పలేదు. ఆయన ప్రమాణం దాని వరకే. నీళ్ల గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కొన్న మొదటి రెండు వారాలు బండి బాగానే నడిచింది. ఆ పికప్ చూసి మా అబ్బాయి కేకలు పెట్టేవాడు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు చిన్న వణుకు ఉండేది. ఇలాంటి ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు మామూలేనేమో అనుకున్నాను.

పంతొమ్మిదో రోజు శనివారం. అమ్మను కొండకు తీసుకెళ్దామని తెల్లవారుజామునే అలిపిరి దాటాము. రెండో ఘాట్‌లో సగం దూరం ఎక్కాక, ఒక మలుపులో ముందు బస్సు నెమ్మదిస్తే నేనూ ఆపాను. మళ్లీ కదులుదామంటే డిస్‌ప్లేలో గేరు అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, చక్రాలకు మాత్రం శక్తి అందడం లేదు. బండి వెనక్కి జారింది. హ్యాండ్ బ్రేకు లాగి, బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చున్నాను. వెనకొస్తున్న జీపు డ్రైవరన్న దిగి పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టాడు. ఆయనెవరో తెలియదు, ఆయనకు ఎంత చెప్పినా తక్కువే. వెనక సీట్లో అమ్మ మనవణ్ణి గట్టిగా పట్టుకుని గోవింద నామం అంటూనే ఉంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ నిమిషం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇది రాయడానికి కారణం కూడా అదే.

బండిని మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు చేర్చాము. ఆయన బానెట్ ఎత్తలేదు, స్కానర్ పెట్టలేదు. డ్రైవరు పక్క తలుపు తీసి సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. మనం పెట్టుకునేంత వరకు బెల్టు నల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకా లాగాడు. ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు భాగం మట్టిరంగులో ఉంది. దాని మీద అడ్డంగా ఒక చార. గోటితో గీకితే ఎండిన బురద పొడిపొడిగా నా అరచేతిలో రాలింది. "అన్నా, ఇది నీళ్లలో ఉన్న బండి" అన్నాడు. తర్వాత సీటు కింద పట్టాలు చూపించాడు, తుప్పు. కార్పెట్ ఎత్తితే కింద స్పాంజి ఇంకా చెమ్మగానే ఉంది. డిక్కీలో స్టెప్నీ తీస్తే ఆ గుంటలో సన్నటి ఒండ్రు. గేర్‌బాక్సు దగ్గర వైరింగ్ కనెక్టర్ విప్పితే రాగి పిన్నుల మీద ఆకుపచ్చ పొడి.

బయటికి ఆరిపోయినట్టు కనబడినా కనెక్టర్ల లోపల చిలుము పట్టడం ఆగదు. నెలల తరబడి నెమ్మదిగా తింటూనే ఉంటుంది. నా బండిలో ఉన్నది డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనంతట తానే మార్చుకునే గేర్‌బాక్సు. దాని గేర్లు మార్చేది ఒక ఎలక్ట్రానిక్ యూనిట్, మెకాట్రానిక్ అంటారు. సెన్సర్లు, కంప్యూటరు, ఆయిల్ ప్రెషర్ వాల్వులు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. అది పోతే చాలాసార్లు మొత్తం పెట్టె మార్చాల్సిందే.

ఇలాంటి బండ్లే ఎందుకు ఎక్కువగా ఇలా చేతులు మారుతాయో ఆ తర్వాత నాకు అర్థమైంది. ఇన్సూరెన్స్ పాలసీలో ఆ ఏడాదికి బండికి కట్టిన విలువను ఐడీవీ అంటారు కదా. రిపేరు ఖర్చు దానిలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగ అని, లెక్క తేలుస్తారు. మామూలు చిన్న కారులో నీళ్లు దూరితే సీట్లు, వైరింగ్, ఆయిళ్లు మార్చి బయటపడొచ్చు. టర్బో, డ్యూయల్ క్లచ్, రకరకాల కంట్రోల్ యూనిట్లు ఉన్న బండికి మాత్రం ఆ 75 శాతం ఇట్టే దాటిపోతుంది. బండి విలువ చిన్న కారుది, లోపలి సామాను ఖరీదు పెద్ద కారుది. అలా వదిలేసిన బండ్లను ఎవరో తక్కువకు కొని, ఆరబెట్టి, తుడిచి, నీళ్లు వచ్చిన సంగతి తెలియని ఊళ్లో అమ్ముతారు. చెన్నై నుంచి మనకు మూడు, నాలుగు గంటల ప్రయాణం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు అక్కడ ఎన్ని కార్లు తేలాయో అందరం టీవీలో చూశాం. తమిళనాడు బండి వద్దు, ఆంధ్రా బండే కొంటాను అంటే కూడా నిశ్చింతగా ఉండలేం. 2021 నవంబరులో మన తిరుపతిలోనే వీధులు మునిగాయి, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగింది.

నన్ను కాపాడగలిగిన కాగితం మొదటి రోజే నా చేతిలో ఉంది. పాత ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్ దగ్గర సున్నా అని ఉంది. అదేమిటో నాకు అప్పుడు తెలియదు. ఈ బోనస్ అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, క్లెయిమ్ చేయకుండా ఉంటే ఏటా 20, 25, 35, 45 అలా పెరిగి 50 శాతానికి చేరుతుంది. 2018 బండి, ఒకే ఓనరు, ఎప్పుడూ గీత పడలేదు అంటున్నప్పుడు అక్కడ 50 ఉండాలి. సున్నా ఉందంటే మధ్యలో క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, పాలసీ 90 రోజులకు మించి ఆగిపోయి అయినా ఉండాలి, లేదా ఆ పాలసీ వేరొకరు కొత్తగా తీసుకున్నదైనా కావాలి. ఏదైనా సరే, ఎందుకో చెప్పమని అడగాలి. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చేది) చేతిలో పెడితే అంతకుముందటిది చూపించమనండి. బోనస్ ఓనరుకు చెందుతుంది, బండితో పాటు మనకు రాదు. మనం చూసేది బండి చరిత్ర కోసం.

రెండోది ఫోన్. గ్లవ్ బాక్సులో మిగిలిపోయిన ఒక పాత సర్వీసు బిల్లు మీద మొదటి ఓనరు నంబరు దొరికింది. మన వైపు చాలామందికి తమిళం వచ్చు కాబట్టి మాట్లాడటానికి ఇబ్బంది లేదు. ఆయన పాపం ఏమీ దాచలేదు. "మూడు రోజులు సెల్లార్‌లో నీళ్లలోనే ఉండింది, ఇన్సూరెన్స్ వాళ్లకు వదిలేశాం, ఇంకా నా పేరు మీదే ఉందా?" అని ఆయనే కంగారుపడ్డాడు. కొనకముందు ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఆర్సీలో ఉన్న మనిషితో మాట్లాడించకపోతే ఆ బండి వద్దు.

చూడటానికి వెళ్లినప్పుడు ముందే చెప్పండి, బండి స్టార్ట్ చేయొద్దు, నేను వచ్చాకే చేయాలి అని. బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని వెనక్కి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడే నీలం పొగ, గేర్ల వణుకు, ఇంజిన్ లోపలి చైను చప్పుడు బయటపడతాయి. సెంటు వాసన ఎక్కువగా ఉంటే అద్దాలన్నీ ఎక్కించి ఏసీ ఆపి పది నిమిషాలు లోపల కూర్చోండి, తడి గోనెసంచి వాసన ఉంటే తెలిసిపోతుంది. వెనక బెల్టులు కూడా చివరిదాకా లాగండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అద్దాల మీద కూడా తయారీ గుర్తులుంటాయి, ఒక్క అద్దం మాత్రమే వేరే ఏడాదిదైతే కారణం అడగండి. టెస్ట్ డ్రైవ్ యార్డు చుట్టూ కాదు, ఏదైనా ఎత్తు రోడ్డు మీద ఆపి, మళ్లీ కదిలించి, పదిసార్లు చేయండి. రూ. 1,500, 2,000 తీసుకున్నా సరే, మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. యార్డు వాళ్లు చూపించే మెకానిక్ వద్దు.

కంపెనీ రీకాల్ పనులు అయ్యాయో లేదో ఛాసిస్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్లో అడగండి. బాలెనో ఆర్ఎస్ చూస్తున్నవాళ్లకు ఇది ముఖ్యం. బ్రేకులకు సాయం చేసే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని 2023లో 7,213 బండ్లను వెనక్కి పిలిచారు.

పక్క రాష్ట్రం బండి అయితే కాగితాల పని తక్కువ అనుకోకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్, బండి పేరు మార్చడానికి వాడే ఫారం 29, 30 మీద ఓనరు సంతకాలు కావాలి. ఇక్కడ పన్నెండు నెలలకు మించి తిప్పాలంటే మన రాష్ట్రం నంబరు వేయించుకుని లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ముందే బేరంలో కలుపుకోండి. ఇంకో మాట, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీఓ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అది చూపించమంటే నసిగేవాళ్ల దగ్గర కొనకండి. నేను అడగనే లేదు.

అదృష్టం బాగుండి మంచి బండే దొరికిందనుకోండి, అప్పుడు కూడా దీన్ని మామూలు చిన్న కారులా చూస్తే కుదరదు. టర్బోకు ప్రాణం ఇంజిన్ ఆయిలే. మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించండి, గడువు దాటనివ్వకండి. ఘాట్ ఎక్కి రాగానే టక్కున ఆపేయకుండా ఒక నిమిషం ఐడిల్లో ఉంచండి. డ్రై క్లచ్ (ఆయిల్లో మునిగి ఉండని క్లచ్) గేర్‌బాక్సు అయితే లీలామహల్ సర్కిల్ లాంటి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతూ పోకండి, కాస్త సందు వచ్చాకే కదలండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్, 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లను దానికోసం తయారు చేయలేదు. కాబట్టి ఫ్యూయల్ హోసులు, సీళ్లు సర్వీసులో ప్రత్యేకంగా చూడమనండి. సామాను తిరుపతిలో అన్నీ దొరకవు. నా బండికి ఒక కనెక్టర్ కోసమే చెన్నై నుంచి పదకొండు రోజులు ఎదురుచూశాను.

యార్డు వాళ్లు నాతో సంతకం పెట్టించుకున్న స్టాంపు కాగితంలో "బండిని ఉన్న స్థితిలో చూసుకుని తీసుకున్నాను" అని ఒక లైను ఉంది. ఇప్పుడు దాన్నే చూపిస్తున్నారు. "నీళ్లలో మునగలేదు, పెద్ద యాక్సిడెంట్ కాలేదు, టోటల్ లాస్ కాలేదు" అని అదే కాగితంలో వాళ్ల చేత రాయించుకోండి. రాయనంటే కారణం మీకే అర్థమవుతుంది. మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. రూ. 50 లక్షల లోపు కొనుగోళ్ల ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. నాలా రూ. 5 లక్షల నుంచి 10 లక్షల మధ్య అయితే ఫీజు రూ. 200, 5 లక్షల లోపైతే అసలు లేదు. రెండేళ్లలోపు వేయాలి. బెల్టు ఫొటోలు, కనెక్టర్ ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, వాట్సాప్ మెసేజులు అన్నీ దాచి పెట్టాను.

నిన్న పని మీద ఆ యార్డు మీదుగా వెళ్లాను. ముందు వరసలో ఇంకో చిన్న స్పోర్టీ బండి పెట్టారు, నీలం రంగు, తమిళనాడు నంబరు, వెనక అద్దాలు సగం దించి ఉన్నాయి. అది మునిగిన బండి అని నేను అనను, నాకు తెలియదు. అయితే తిరుపతి చుట్టుపక్కల అలాంటి బండి చూడటానికి మీలో ఎవరైనా వెళ్తుంటే నాకు చెప్పండి. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను, టార్చ్ తీసుకుని మీతో వస్తాను.