సీడీ పెట్టే కన్సోలా, పెట్టలేనిదా: రెండూ రెండేసి ఏళ్లు వాడాక

2021 డిసెంబర్‌లో నేను కొన్న గేమ్ కన్సోల్‌కి (టీవీకి కలిపి గేములు ఆడుకునే పెట్టె) సీడీ పెట్టే చోటు లేదు. సీడీ ఉన్న మోడల్ కంటే పది వేలు తక్కువ, అందుకే తీసుకున్నాను. గేమ్ కావాలంటే దాని స్టోర్‌లోనే కొని డౌన్‌లోడ్ చేసుకోవాలి. 2023 నవంబర్‌లో అదే కన్సోల్‌లో సీడీ పెట్టే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొన్నాను. పాతది గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి కొడుక్కి ఇచ్చాను. కంపెనీ పేరు రాయడం లేదు. గేమ్‌ని ఇంకొకరికి ఇవ్వడం, అమ్మడం అనే విషయంలో ఏ కంపెనీ అన్నదాని కంటే సీడీ ఉందా లేదా అన్నదే పెద్ద తేడా. గ్రాఫిక్స్, స్పీడ్ రెండిట్లోనూ ఒకటే, వాటి జోలికి పోను.

ముందు డబ్బు సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాసే పని నాది, ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. ప్రతి గేమ్ కొన్న రేటు, అమ్మిన రేటు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. సీడీ లేని కన్సోల్‌లో 14 గేములు కొన్నాను, మొత్తం 38,600 రూపాయలు. అందులో సగానికి పైగా డిస్కౌంట్ సేల్‌లో కొన్నవే. సంక్రాంతి ముందు, వేసవిలో స్టోర్‌లో మంచి తగ్గింపులు వచ్చేవి, కాదనను. అయినా ఒక్కో గేమ్‌కి సగటున 2,750 పైనే పడింది. వాటిని అమ్మితే ఈరోజు చేతికి వచ్చేది సున్నా.

సీడీ కన్సోల్ వచ్చాక 19 గేములు కొన్నాను, కొన్ని కొత్తవి, ఎక్కువ పాతవి. ఖర్చు 52,300. పదమూడు అమ్మేశాను, 26,400 వచ్చాయి. రెండు పాడైపోయాయి, ఎలాగో తర్వాత చెబుతాను. నాలుగు అమ్మకుండా ఉంచుకున్నాను. ఆ నాలుగింటి విలువ అసలు లెక్కలోకి తీసుకోకపోయినా ఒక్కో గేమ్‌కి 1,360 రూపాయలు పడింది. అంటే సగం. కన్సోల్ కొన్నప్పుడు మిగిలిన పది వేలు ఎనిమిది గేములు తిరిగేసరికి పోయాయన్నమాట. ఈ లెక్క కొనే రోజున నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమ్మడం ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం. బీసెంట్ రోడ్ దగ్గర సందులో ఒక చిన్న షాపు ఉంది, పాత ఫోన్లతో పాటు గేమ్ సీడీలు కూడా పెడతాడు. సీడీ తీసుకుని ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ వంచి గీతలు చూస్తాడు, తర్వాత తన కన్సోల్‌లో పెట్టి చూస్తాడు. గేమ్ వచ్చిన నెలలోపు తీసుకెళ్తే కొన్న రేటులో మూడొంతులు ఇస్తాడు. ఆరు నెలలు దాటితే సగం కూడా కష్టం. క్రికెట్, ఫుట్‌బాల్ గేములైతే కొత్త ఏడాదిది వచ్చిన రోజే పాతదాని రేటు పడిపోతుంది. కథ ఉన్న పెద్ద గేములు మాత్రం రేటు నిలబెట్టుకుంటాయి. డబ్బులు ఇవ్వడం కంటే ఎక్స్ఛేంజ్ అంటే అతనికి ఇష్టం: మన సీడీ ఇచ్చి, పైన అయిదొందలో ఏడొందలో కలిపి ఇంకోటి తెచ్చుకోవచ్చు. డబ్బా పగిలినా, కవర్ పేపర్ పోయినా బేరం మారిపోతుంది. "డబ్బా లేకపోతే మూడొందలు తగ్గుద్ది అన్నా" అంటాడు. ఓఎల్ఎక్స్‌లో పెడితే ఇంకో నాలుగొందలు ఎక్కువ రావచ్చు, కానీ బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో నిలబడి వస్తానన్న మనిషి కోసం చూడడం నా వల్ల కాలేదు.

డిగ్రీ చదివేటప్పుడు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనుక్కునేవాణ్ణి. మొదటి పేజీలో ఎవరో అమ్మాయి పేరు, కాలేజీ పేరు ఉండేవి. పరీక్షలు అయ్యాక అవే అక్కడే అమ్మి, ఇంకో రెండు తెచ్చుకునేవాణ్ణి. ఆ పుస్తకాలు తిరగకపోతే నా చదువు అంత తేలిగ్గా సాగేది కాదు. సీడీ చేతులు మారడం కూడా నా దృష్టిలో అదే. కొత్త గేమ్‌కి 4,999 పెట్టలేని పిల్లలు ఆ సందులో షాపుకి వచ్చి పద్దెనిమిది వందలకి పాతది తీసుకెళ్తారు. నేను కొత్తది కొనగలుగుతున్నదీ పాతది కొనే ఆ పిల్లలు ఉండబట్టే. గేమ్ తయారుచేసినవాళ్లకి రెండో అమ్మకంలో పైసా రాదన్న మాట నిజమే. కానీ మొదటి అమ్మకానికి డబ్బు ఎక్కడ నుంచి పుడుతోందో కూడా చూడాలి.

ఈ గొడవ కొత్తది కాదు. 2013 మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ అనే కన్సోల్‌ని ప్రకటించింది. జూన్ మొదటి వారంలో గేముల నిబంధనలు బయటపెట్టింది. కన్సోల్ 24 గంటలకి ఒకసారి నెట్‌కి కలవాలి, లేకపోతే గేములు ఆడలేం. వేరేవాళ్ల కన్సోల్‌లో మన అకౌంట్‌తో ఆడితే ఆ గడువు గంటే. గేమ్‌ని స్నేహితుడికి ఇవ్వాలంటే అతను మన ఫ్రెండ్స్ లిస్ట్‌లో కనీసం 30 రోజులుగా ఉండాలి, అదీ ఒక్కసారే ఇవ్వగలం. పాతది అమ్మాలంటే ఆ గేమ్ పబ్లిషర్ (గేమ్‌ని మార్కెట్లోకి తెచ్చే కంపెనీ) ఒప్పుకోవాలి, కంపెనీ ఒప్పుకున్న షాపులోనే అమ్మాలి. అదే జూన్ 10న సోనీ తన కొత్త కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో ఇవేవీ ఉండవని స్టేజీ మీద చెబితే హాలంతా చప్పట్లు. ఒక మనిషి పక్కనున్న మనిషి చేతికి డబ్బా అందిస్తాడు, గేమ్ షేర్ చేయడం అంటే ఇంతే అని చూపించే చిన్న వీడియో కూడా పెట్టింది. జనం కోపానికి జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలు వెనక్కి తీసుకుంది. అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. చేతిలో కన్సోల్ లేకపోయినా నేనే గెలిచినట్టు సంబరపడ్డాను.

అలాంటి నేను ఎనిమిదేళ్ల తర్వాత సీడీ లేని కన్సోల్ ఇంటికి తెచ్చుకున్నాను. 2013లో వద్దన్న నిబంధనల కంటే ఇందులో ఉన్నవి ఎక్కువ. అప్పుడు 30 రోజుల షరతుతో అయినా ఒకసారి ఇవ్వనిస్తామన్నారు. ఇప్పుడు డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ని ఎవరికీ ఇవ్వలేను, ఏ షాపులోనూ అమ్మలేను. ఆ రోజుల్లో మనకి ఇష్టం లేకుండా రుద్దబోయారు కాబట్టి తిరగబడ్డాం. ఈసారి రేటు తగ్గించి, ఎంచుకోమని మన ముందు పెట్టారు.

షేర్ చేసుకోవడానికి దారి అసలు లేదని కాదు. ఒక అకౌంట్‌కి ఒక కన్సోల్‌ని సొంత కన్సోల్‌గా పెట్టుకోవచ్చు. ఆ కన్సోల్‌లో ఎవరు కూర్చున్నా మన గేములు ఆడుకోవచ్చు, నెట్ లేకపోయినా నడుస్తాయి. వేరే కన్సోల్‌లో అయితే మనమే మన అకౌంట్‌తో లాగిన్ అయి, నెట్‌లో ఉండి ఆడాలి. తమ్ముడికి పాత కన్సోల్ ఇచ్చినప్పుడు నా 14 గేములూ వాడికి ఉపయోగపడాలని గుంటూరులో ఉన్నదాన్నే సొంత కన్సోల్‌గా పెట్టాను. నా ఇంట్లో నా గేములకి నేను నెట్ మీద ఆధారపడే మనిషినయ్యాను. వరద వచ్చేదాకా దానివల్ల ఇబ్బంది రాలేదు.

ఒక్క సంఘటన మాత్రం జరిగింది. నా అకౌంట్ వాడి కన్సోల్‌లో ఉంది, అందులో నా కార్డు సేవ్ అయి ఉంది. వాడి స్నేహితుడు ఆడుతూ ఆడుతూ గేమ్‌లో ఏదో సూట్ కావాలని నొక్కాడు, నా ఫోన్‌కి 1,999 కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. తమ్ముడు ఫోన్ చేసి "అన్నయ్యా, తప్పు మాదే, పంపించేస్తా" అని ఒకటే బాధపడ్డాడు. డబ్బు పెద్దది కాదు. కానీ సీడీ ఇస్తే సీడీ ఒక్కటే ఇస్తాం. ఇలా షేర్ చేస్తే మన కార్డు, అకౌంట్ కూడా అవతలి ఇంటికి వెళ్లిపోతాయి. ఆ రోజే కార్డు తీసేసి, కొనేముందు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాను. మీరూ ముందే ఆ పని చేయండి.

ఇక వరద. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా సింగ్ నగర్‌ని ముంచేశాయి. మాది కింది వాటా. నడుము లోతు వచ్చేసరికి పిల్లాణ్ణి, అమ్మని పై వాటాకి పంపి, చేతికి అందినవి అటక మీద పెట్టాం. కన్సోల్ అటకెక్కింది. టీవీ స్టాండ్ కింద సొరుగులో ఉన్న ఏడు సీడీలు ఎవరికీ గుర్తు రాలేదు. రెండు రోజులకి పడవలో బయటపడి మా మామగారింటికి వెళ్లాం. నీళ్లు తీశాక వచ్చి చూస్తే సొరుగు నిండా బురద. సీడీలు ఒక్కొక్కటీ పంపు నీళ్ల కింద పెట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక చుక్కేసి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి ఆరబెట్టాను. అయిదు పనిచేశాయి. రెండు పోయాయి. కవర్ పేపర్లు అన్నీ పోయాయి, అందుకే తర్వాత అమ్మినప్పుడు తక్కువకి పోయాయి. అదే డౌన్‌లోడ్ చేసిన గేములకి ఏమీ కాలేదు. ఇది డిజిటల్‌కి ఉన్న నిజమైన బలం, నా ఇంట్లోనే చూశాను కాబట్టి రాయకపోతే అన్యాయం.

కానీ కరెంటు వచ్చిన రోజు ఇంకొకటి చూశాను. కేబుల్ నెట్ ఇంకా రాలేదు, ఫోన్ సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంది. ఇల్లంతా బ్లీచింగ్ వాసన. మా వాడికి తొమ్మిదేళ్లు, పది రోజులుగా బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. కాసేపు ఆడుకుంటానంటే కన్సోల్ పెట్టాను. వాడికి ఇష్టమైన రేసింగ్ గేమ్ మీద తాళం బొమ్మ కనిపించింది. నేను కొన్న గేమ్, నా ఇల్లు, నా అకౌంట్. అయినా నెట్ లేదు కాబట్టి తెరుచుకోలేదు. గుంటూరులో తమ్ముడు మాత్రం అదే గేమ్ నెట్ లేకుండా కూడా ఆడగలడు. బురద కడిగిన సీడీల్లో ఒకటి పెడితే నడిచింది. మూడో రోజు హాట్‌స్పాట్ సరిగ్గా అందాక గానీ ఆ తాళం పోలేదు. ఆ సాయంత్రం వాడి మొహం చూశాక, ఈ నిబంధనల గురించి చిన్న విషయంలే అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

సీడీ ఉంటే అంతా మన చేతుల్లోనే ఉందని కూడా అనుకోకండి. గేమ్ ముందు కన్సోల్‌లోకి ఎక్కాలి, ఆడే ప్రతిసారీ సీడీ లోపల ఉండాలి. అప్‌డేట్లు నెట్ నుంచే రావాలి. సర్వర్ (నెట్‌లో గేమ్‌ని నడిపే కంపెనీ కంప్యూటర్) మీద నడిచే గేమ్ అయితే సర్వర్ ఆపేసిన రోజున సీడీ కూడా పనికిరాదు: యూబీసాఫ్ట్ అనే గేముల కంపెనీ 2024 మార్చి 31న 'ద క్రూ' గేమ్ సర్వర్లు ఆపేసినప్పుడు సీడీ కొన్నవాళ్ల పరిస్థితీ అదే. అందుకే పాత సీడీ కొనేముందు అది ఒక్కరే, నెట్ లేకుండా ఆడుకునే గేమేనా అని అడిగి తీసుకోండి.

కొత్తగా వచ్చిన కన్సోల్స్‌లో నింటెండో కంపెనీ స్విచ్ 2 ఒకటి. 2025 జూన్ 5న విడుదలైంది. మా బావమరిది అమెరికా నుంచి తెచ్చుకున్నాడు, నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. దానికి వచ్చే కొన్ని గేముల డబ్బాలో గేమ్-కీ కార్డు ఉంటుంది. ఆ కార్డులో గేమ్ ఉండదు, నెట్ నుంచి దింపుకోవాలి, తర్వాత ఆడేటప్పుడు కార్డు పెట్టి ఉంచాలి. అయితే ఆ కార్డుని అమ్మవచ్చు, ఇవ్వవచ్చు. డౌన్‌లోడ్ గేములని కూడా ఫ్యామిలీ గ్రూప్‌లో ఉన్నవాళ్లకి 14 రోజులు అరువివ్వవచ్చు, గడువు కాగానే మనకి తిరిగి వచ్చేస్తుంది. చేతులు మారే దారి ఉంచారు కాబట్టి సీడీ లేని పద్ధతి కంటే ఇది మెరుగు. డౌన్‌లోడ్ సర్వర్ ఉన్నన్నాళ్లే ఆ కార్డుకి విలువ, అది మర్చిపోకూడదు.

కొనబోయేవాళ్లు అడిగితే నేను చెప్పేది: ఏడాదికి మూడు గేముల కంటే ఎక్కువ ఆడేవాళ్లు పది వేలు ఎక్కువైనా సీడీ మోడలే తీసుకోండి. ఏడాదంతా ఒకే ఆన్‌లైన్ గేమ్ ఆడే పిల్లలకి అయితే సీడీ లేనిది చాలు. సీడీలు మాత్రం కింది సొరుగులో పెట్టకండి.

ఈ దసరాకి తమ్ముడు కూడా సీడీ మోడల్ కొన్నాడు. నా దగ్గరున్న నాలుగింట్లో రెండు వాడికి పంపాను. ఆ 14 గేముల్లో తొమ్మిది నేను పూర్తి చేశాను, మళ్లీ తెరవను. మా ఎదురింటి అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, పాత కన్సోల్ కొనుక్కున్నాడు. మొన్న వచ్చి "అంకుల్, మీరు ఆడేసినవి ఏమైనా ఉంటే ఇస్తారా?" అని అడిగాడు. ఆ తొమ్మిదీ వాడికి ఇచ్చేయాలని ఉంది. ఇవ్వలేను. మిగిలిన రెండు సీడీల్లో ఒకటి ఇచ్చి పంపాను.