ప్రాజెక్టులో ఆర్‌ఏనా, సొంత ఫెలోషిప్పా, విదేశీ పోస్ట్‌డాకా: ఏది మేలు?

మాలిక్యులర్ డైనమిక్స్‌లోనో (అణువుల కదలికల కంప్యూటర్ సిమ్యులేషన్) డీఎఫ్‌టీలోనో (ఎలక్ట్రాన్ల మీద క్వాంటమ్ లెక్కలు) పీహెచ్‌డీ థీసిస్ సమర్పించేసిన వాళ్ళు తరచూ అడిగేది ఇదే: ఇక్కడే ఏదో ఒక ప్రాజెక్టులో ఆర్‌ఏగా (రీసెర్చ్ అసోసియేట్) చేరిపోవాలా, సొంత ఫెలోషిప్ అయిన ఎన్‌పీడీఎఫ్‌కి (నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్) రాయాలా, పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకి, బయటి దేశం వెళ్ళాలా?

అందరూ ముందు జీతం చూస్తారు. 2023 జనవరి నుంచి డీఎస్‌టీ (కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం) లెక్క ప్రకారం ఆర్‌ఏల్లో మొదటి మెట్టయిన ఆర్‌ఏ-1కి నెలకు 58,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. హైదరాబాద్‌లో ఒక మనిషి బతకడానికి అదేం తక్కువ కాదు. నేనైతే జీతం కన్నా ముందు ప్రాజెక్టుకి ఇంకెన్ని నెలలు మిగిలాయో చూస్తాను.

ప్రకటన చివర్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: మొదట ఆరు నెలలకో ఏడాదికో తీసుకుంటారు, పనితీరును బట్టి పొడిగిస్తారు, ప్రాజెక్టు ముగిస్తే పోస్టూ ముగుస్తుంది. మూడేళ్ళ ప్రాజెక్టుకి చివరి ఏడాదిలో ప్రకటన వచ్చిందంటే, ముందున్న మనిషి మధ్యలో వదిలేసి వెళ్ళి ఉండొచ్చు. అప్పుడు మీ చేతికొచ్చేది సగం పని, ఒక్క కామెంటూ లేని స్క్రిప్టులు, 'ఫైనల్_కొత్త_2' లాంటి ఫోల్డర్లు. కంప్యూటర్ పనే కదా, ఎనిమిది నెలలు చాలవా అనుకుంటాం. చాలవు. కొత్త అణువుకి ఫోర్స్ ఫీల్డ్ (పరమాణువుల మధ్య బలాల నమూనా) పారామీటర్లు సరిచూసుకోవాలి, ప్రయోగ ఫలితాలతో పోల్చాలి, అందరూ వాడే కంప్యూటర్ క్లస్టర్ క్యూలో ఎదురుచూడాలి. ఒక్క రన్‌ని ఎవరూ నమ్మరు కాబట్టి పరమాణువుల ప్రారంభ వేగాలు మార్చి మళ్ళీ నడపాలి. తీరా పేపరు పంపాక రివ్యూయర్ ఇంకో సిమ్యులేషన్ అడిగేసరికి మీ లాగిన్ మూసేసి ఉంటుంది.

అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా రెండు విషయాలు అడగండి: ప్రాజెక్టు ఎప్పుడు మంజూరైంది, ఈ ఏడాది నిధుల విడత వచ్చిందా? ఖర్చుల లెక్కా, యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) పంపితే తప్ప తర్వాతి విడత కదలదు, అది ఆగితే మీ జీతమూ ఆగినట్టే. ప్రాజెక్టు మొదటి ఏడాదిలో ఉందంటే మాత్రం ఆర్‌ఏ పోస్టు చిన్నచూపు చూడాల్సిందేమీ కాదు.

ఎన్‌పీడీఎఫ్ ఒకప్పుడు పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ చేతిలో ఉంది. రెండేళ్ళు, మీ పేరు మీద, మీరు రాసిన ప్రపోజల్ మీద. వయోపరిమితి 35, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు ఉంది. చిక్కల్లా కాల్ (దరఖాస్తుల పిలుపు) కోసం, ఆపైన ఫలితం కోసం చూస్తూ కూర్చోవడమే.

యూరప్‌లో కాలపరిమితి చాలావరకు ప్రకటనలోనే ఉంటుంది. జర్మనీ ప్రకటనలో టీవీ-ఎల్ ఈ13 (అక్కడి రాష్ట్ర ప్రభుత్వ జీతాల స్కేలులో ఒక గ్రేడు) అని కనిపిస్తే అది స్టైపెండ్ కాదు, బీమా, పెన్షన్ కోతలతో సహా పక్కా ఉద్యోగం. ప్రకటనల కోసం యూరప్‌కి యూరాక్సెస్, బ్రిటన్‌కి జాబ్స్.ఏసీ.యూకే వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి. డీఎఫ్‌టీ వాళ్ళకి సై-కే, కంప్యుటేషనల్ కెమిస్ట్రీ వాళ్ళకి సీసీఎల్ మెయిలింగ్ లిస్టులు ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ గడువు మామూలుగా సెప్టెంబరులో పడుతుంది. వెళ్ళే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదన్న నిబంధన ఇక్కడి నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళకి అడ్డే కాదు. అమెరికాలో ఎక్కువగా ఏడాదికోసారి రెన్యువల్, అక్కడా గ్రాంటు ఎప్పటిదాకా అన్నదే ప్రశ్న.

కంపెనీలో డేటా సైన్స్ వైపు వెళ్దామనుకునే వాళ్ళకి ఈ గొడవేమీ అక్కర్లేదు.

నన్నడిగితే, మేరీ క్యూరీకీ ఎన్‌పీడీఎఫ్‌కీ రెంటికీ రాసి, ఫలితాలు వచ్చేదాకా కొత్తగా మంజూరైన ప్రాజెక్టులో ఆర్‌ఏగా చేరండి. ఐఐటీల్లో ఈ ప్రకటనలు తరచూ అధ్యాపక నియామకాల పేజీలో కనిపించవు, ఆర్ అండ్ డీ విభాగం పేజీలో వెతకండి. దరఖాస్తుకి గడువు ఒక్కోసారి రెండు వారాలు కూడా ఉండదు.