యాడ్ తప్పని తేల్చేదెవరు: బ్రిటన్, ఆస్ట్రేలియా, మనం... ఏది మేలు?

ఇద్దరు కొత్త నాన్నలు పసిపిల్లలతో హోటల్‌కి వెళ్తారు. అక్కడ ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ వస్తుంటాయి. చీజ్ చూడగానే ఇద్దరి ధ్యాసా తిండి మీదకి పోతుంది, పిల్లలు బెల్టు మీద అటు సాగిపోతారు. కంగారుగా వెనక్కి తెచ్చుకున్నాక "అమ్మకి చెప్పొద్దు" అంటాడొకాయన. ఫిలడెల్ఫియా చీజ్ యాడ్ ఇది. మనవాళ్లయితే నవ్వేసి ఛానెల్ మార్చేవారు. బ్రిటన్‌లో మాత్రం 128 ఫిర్యాదులు వెళ్లాయి. మగవాళ్లకి పిల్లల్ని చూసుకోవడం చేతకాదనే మూసని బలపరుస్తోందని 2019 ఆగస్టులో అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఏఎస్ఏ దాన్ని ఆపించింది. అప్పుడే ఒక ఫోక్స్‌వ్యాగన్ యాడ్ కూడా పోయింది. మగవాళ్లు అంతరిక్షంలో తేలుతుంటే, ఆడమనిషి పిల్లల బండి పక్కన కూర్చుని ఉంటుంది. ఫిర్యాదులు మూడే! అక్కడ ఎంతమంది అరిచారన్నది లెక్కలోకి రాదు, నియమం తప్పిందా లేదా అన్నదే లెక్క. ఈ రెండో తీర్పు నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది. కానీ కారణం రాసి పెట్టారు కాబట్టే, చదివి విభేదించగలుగుతున్నాను.

మన దగ్గర కథ వేరు. 2020 అక్టోబరులో తనిష్క్ యాడ్ వచ్చింది: ముస్లిం అత్తింట్లో హిందూ కోడలికి సీమంతం. ట్విట్టర్‌లో గోల మొదలైంది, కంపెనీ యాడ్ తీసేసింది. మన ప్రకటనల మండలి ఆస్కీ మాత్రం ఇందులో నియమాల ఉల్లంఘన లేదంది. నిర్దోషి అని తీర్పు, శిక్ష మాత్రం అమలైపోయింది. 2019లో సర్ఫ్ ఎక్సెల్ హోలీ యాడ్ మీద కోపంతో కొందరు ప్లేస్టోర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌కి ఒక్క స్టార్ ఇచ్చి వచ్చారు. గుంపు తీర్పు ఎంత గురిగా ఉంటుందో చూడండి.

ఆస్కీకి బొత్తిగా పట్టు లేదనీ అనలేం. 2022 జూన్‌లో అత్యాచారాన్ని జోకుగా వాడుకున్న లేయర్ షాట్ డియోడరెంట్ యాడ్‌ని వెంటనే ఆపమంది. యూట్యూబ్, ట్విట్టర్ నుంచి తీయించింది కేంద్ర సమాచార ప్రసార శాఖ. హైదరాబాద్‌లో అయితే 2021లో నొచ్చుకున్నది ఏకంగా ఆర్టీసీ! బస్సుని చులకన చేశారంటూ అల్లు అర్జున్ చేసిన ర్యాపిడో బైక్ ట్యాక్సీ యాడ్‌కి లీగల్ నోటీసు పంపింది.

చైనాలో సర్కారుదే ఆఖరి మాట. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ డ్రాగన్లనీ కుంగ్‌ఫూ గురువునీ ఓడించే నైకీ యాడ్‌ని దేశ గౌరవానికి భంగమంటూ 2004లో నిషేధించారు. అప్పీలు గిప్పీలు అడగొద్దు.

నా ఓటు ఆస్ట్రేలియా పద్ధతికి. 2017 సెప్టెంబరులో అక్కడి మాంసం సంస్థ యాడ్‌లో గణపతి, యేసు, బుద్ధుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని గొర్రెమాంసాన్ని మెచ్చుకుంటారు. అక్కడి హిందువులు భగ్గుమన్నారు, భారత హైకమిషన్ కూడా అభ్యంతరం చెప్పింది. ప్రకటనల బోర్డు మొదట ఫిర్యాదులు కొట్టేసింది. పునఃసమీక్ష కోరితే, తొలి నిర్ణయంలో లోపముందని తేలి, నవంబరులో బోర్డే మాట మార్చుకుంది. ఒక్క షాపు మీదా రాయి పడకుండా, చిన్న సమాజం తన మాట నెగ్గించుకుంది. ఆలస్యమైంది, నిజమే. అయినా తనిష్క్ యాడ్‌లా ఒక్కపూట గోలకి మాయమవడం కన్నా రెండు నెలలు ఆగడమే నాకిష్టం.