మూడున్నరేళ్లు వాడిన నా అసెంబుల్డ్ సిస్టమ్: క్రాష్‌ల వెనక దొరికిన రెండు కారణాలు

విడిభాగాలు తెచ్చుకుని నా చేతులతో నేనే కట్టుకున్న సిస్టమ్ ఇది. ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 3600 స్పీడ్ ర్యామ్ స్టిక్‌లు రెండు, మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై). మొదటి ఏడాది ఒక్కసారి కూడా మొరాయించలేదు. రెండో ఏడాది అదే కంపెనీ, అదే మోడల్ నంబరు ర్యామ్ ఇంకో జత కొని 32 జీబీ చేశాను. అక్కడి నుంచి ఐదు నెలలు నాకు మనశ్శాంతి లేదు.

ఒక్కోరోజు మూడుసార్లు పడిపోయేది. మళ్లీ పది రోజులు నిక్షేపంగా నడిచేది. ఆ పది రోజులే మనల్ని బాగా తప్పుదోవ పట్టిస్తాయి. ఆ వారం ఏది మార్చి ఉంటే దానివల్లే బాగైందని నమ్మేస్తాం. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి వారం రోజులు సంతోషపడ్డాను. ఎస్ఎంపీఎస్ కేబుళ్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించి ఇంకో నాలుగు రోజులు. ఇవన్నీ తప్పులే అయినా నష్టం లేని తప్పులు. విండోస్ ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించడం మాత్రం నష్టం చేసిన తప్పు. మెమరీ లెక్క తప్పుతున్నప్పుడు కొత్త విండోస్ కూడా అదే మెమరీ గుండా డిస్క్ మీదికి దిగుతుంది. ఎక్కించిన మర్నాడే ఎస్ఎఫ్‌సీ స్కాన్ (విండోస్ తన ఫైళ్లను తనే సరిచూసుకునే పరీక్ష) చేస్తే పాడైన సిస్టమ్ ఫైళ్లు కనిపించాయి.

విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతిసారీ కనిపించేది ఒకటే: కెర్నెల్-పవర్, ఈవెంట్ 41. దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవాళ్లు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి 41 అంటే "సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైంది" అని మాత్రమే. కారణం అందులో ఉండదు. అయితే దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చి పడిపోయిందని అర్థం. సున్నా ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని. ఈ తేడా నాకు మూడో నెలలో గానీ పట్టుబడలేదు.

అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాను. క్రాష్ అయిన వెంటనే, సిస్టమ్ మళ్లీ పైకి వచ్చేలోపే, టైము, అప్పుడు ఏం చేస్తున్నాను, స్క్రీన్ నీలం అయిందా నల్లబడిందా, ఇవి రాసేవాణ్ని; పైకి వచ్చాక బగ్‌చెక్ అంకె ఎంతో చేర్చేవాణ్ని. పదిహేడు క్రాష్‌లు చేరాక ఒకరోజు ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చూశాను. నీలం తెరలన్నీ వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తున్నప్పుడో, పెద్ద జిప్ ఫైళ్లు విప్పుతున్నప్పుడో వచ్చినవే. నల్ల తెర రీస్టార్ట్‌లన్నీ నేను భోజనానికి లేచినప్పుడో, ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడో, అంటే సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు జరిగినవి. ఐదు నెలలుగా ఒకే జబ్బు అనుకుంటున్నవి రెండు వేర్వేరు జబ్బులు! ఒకదానికి మందు వేస్తే రెండోది వస్తూనే ఉండేది కాబట్టి, పనిచేసిన మందును కూడా పనిచేయలేదని పక్కన పడేసి ఉంటాను.

నీలం తెర సంగతి ముందు పట్టుకున్నాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచే బూట్ చేసి నడిపాను. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి ఇది యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బూట్ పద్ధతి ఉన్న సిస్టమ్‌లలో కూడా నేరుగా నడుస్తుంది. 32 జీబీకి నా దగ్గర ఒక్కో పాస్‌కు (మెమరీ అంతటినీ ఒకసారి పరీక్షించడానికి) రెండు గంటలకు పైనే పట్టింది. సాయంత్రం ఒక పాస్ చూశాను, తప్పు ఒక్కటీ లేదు. ఇక్కడే ఆపేసేవాళ్లు ఎక్కువ. కేబినెట్ మూతేసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి చూస్తే మూడో పాస్‌లో నాలుగు ఎర్ర గీతలు. నాలుగే కదా అనుకోకూడదు, ఈ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే.

స్టిక్‌లు ఒక్కొక్కటి విడిగా పెట్టి పరీక్షిస్తే నాలుగూ పాస్. పాత జత పాస్, కొత్త జత పాస్. నాలుగూ కలిసి 3600 మీద నడిస్తేనే తప్పులు. మెమరీ పెట్టె మీద రాసిన స్పీడ్ ఎక్స్ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్ కంపెనీ స్టిక్‌లో ముందే రాసి పెట్టిన సెట్టింగులు) స్పీడ్. అది ఓవర్‌క్లాకింగే, అంటే అధికారిక స్పీడ్ కంటే ఎక్కువలో నడపడమే. ఆ హామీ కూడా పెట్టెలో కలిసి వచ్చిన రెండు స్టిక్‌లకే. విడిగా కొన్న రెండు జతలు కలిపి నడుస్తాయని ఎవరూ మాట ఇవ్వలేదు. నా ప్రాసెసర్ స్పెసిఫికేషన్ చదివితే రెండు స్టిక్‌లకు 3200, నా దగ్గరున్నలాంటి సింగిల్ ర్యాంక్ (చిప్‌లన్నీ ఒకే గుంపుగా పనిచేసే) స్టిక్‌లు నాలుగైతే 2933 వరకే అని ఉంది. కొనేముందు చదవాల్సిన లైను అది. 3200కి దించితే ఒక రాత్రిలో ఒక తప్పు వచ్చింది. 2933 దగ్గర మూడు రాత్రులు నడిపినా ఏమీ రాలేదు. నా పనిలో ఆ స్పీడ్ తేడా చేతికి తెలియలేదు.

మెమ్‌టెస్ట్‌కు ఒక పరిమితి ఉంది. అది నడుస్తున్నంతసేపు గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉంటుంది. అసలు పనిలో ఆ కార్డు వేడి గాలి నేరుగా ర్యామ్ మీదికి వస్తుంది. అందుకే చివర్లో విండోస్‌లో ఓసీసీటీ అనే ఒత్తిడి పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి, కార్డును, మెమరీని కలిపి రెండు గంటలు వేడెక్కించాను. నిలబడింది.

నల్ల తెరకు బోర్డు సొంత సెట్టింగులుండే బయాస్‌లో ఒక్క సెట్టింగ్ చాలింది. ఖాళీగా ఉన్న ప్రాసెసర్ గాఢ నిద్రలోకి పోయినప్పుడు దాని కరెంటు వాడకం బాగా పడిపోతుంది. అంత తక్కువ వాడకం దగ్గర కొన్ని ఎస్ఎంపీఎస్‌లు నిలకడగా ఉండవు. నా బోర్డులో "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్" అనే చోట ఆటో ఉంది. దాన్ని "టిపికల్ కరెంట్ ఐడిల్" చేశాను. రెండేళ్లు నల్ల తెర మళ్లీ కనిపించలేదు. ఈ మధ్య బయాస్ అప్‌డేట్ చేసిన వారానికే మళ్లీ ప్రత్యక్షమైంది. నోట్‌బుక్ తీసి చూశాను, అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ మొదటికి పోయాయని తెలిసింది. ఆ సెట్టింగ్‌తో పాటు 2933 కూడా మళ్లీ పెట్టాను. రెండు నిమిషాల పని.

క్రాష్‌లు అలా తీరాయి. తీరనిది ఇంకొకటి ఉంది. ఆ ఐదు నెలల్లో ఈ సిస్టమ్ మీదుగా బ్యాకప్‌కి కాపీ చేసిన ఫొటోల్లో పదకొండు పాడయ్యాయి. తెరిస్తే పైన సగం మనుషులు, కింద సగం బూడిద రంగు పట్టీ. కాపీ అవుతున్నప్పుడు ఏ ఎర్రర్ రాలేదు, ఆ రోజుల్లో క్రాష్ కూడా కాలేదు. 2022 అక్టోబరులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మెషీన్‌లో కూడా ఒక ర్యామ్ స్టిక్ చెడిపోయింది. ఆయనంతటివాడు కూడా మొదట కొత్త కెర్నెల్‌నే (లినక్స్ మూల ప్రోగ్రామ్‌నే) అనుమానించాడు. తప్పు జరిగితే చెప్పే ఈసీసీ మెమరీ ఎందుకు కావాలో ఆయన ఏళ్లుగా వాదిస్తూనే ఉన్నాడు. తర్వాతి సిస్టమ్‌కు బోర్డు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఆ ఈసీసీ సపోర్టే. ఫొటోల్లో ఏడింటికి అసలు కాపీలు ఫోన్‌లో దొరికాయి. మిగతా నాలుగు లేవు.