పొడుగు రాసిచ్చిన్రు, ఆట రాయలేదు: ఒక బాస్కెట్‌బాల్ అంచనా రిపోర్టు మీద రివ్యూ

స్పోర్ట్స్ సీటు కోసం పిల్లలను వెతికిపెట్టే సర్వీసులు నల్లగొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీల దాకా వచ్చినయి. ఫీజు కడితే ఒక్కో పోరని మీద రెండు పేజీల కొలతల కాగితం, నాలుగు నిమిషాల వీడియో చేతుల పెడుతరు. అట్లాంటి ఒక రిపోర్టు మీద ఈ రివ్యూ. సర్వీసు పేరు, పోరని పేరు రాస్తలేం. 17 ఏండ్లు, 193 సెంటీమీటర్లు, మొన్నటిదాక వాలీబాల్, బాస్కెట్‌బాల్ పట్టి ఏడాది కాలేదు. తీసుకుంటే ఫీజు, హాస్టల్, మెస్సు మూడేండ్లు కాలేజే మోయాలె. "తప్పక తీసుకోండి" అని కాగితం చివర రాసున్నది. ఆ మాట అనేటంత సరుకు లోపల లేదు.

ముందు కొలతలు. ఎత్తు బూట్ల మీద తీసిన్రో, ఉత్త కాళ్ల మీద తీసిన్రో రాయలేదు. బూట్లతోనే రెండున్నర సెంటీమీటర్ల దాకా తేడా వస్తది. అంతకన్నా పెద్ద లోపం, నిలబడి చెయ్యెత్తితే ఎంత అందుతదో లేకపోవుడు. రింగు 305 సెంటీమీటర్ల మీద ఉంటది, దాన్ని అందుకునేది నెత్తి కాదు, చెయ్యి. ఒకే ఎత్తున్న ఇద్దరిల మెడ పొడుగోడు ఓడిపోతడు, భుజాలు వెడల్పు, చేతులు పొడుగు ఉన్నోడు గెలుస్తడు. ఈ కొలతకు సుద్దముక్క, గోడ చాలు. ఉత్త కాళ్లు, మడిమలు నేలకు ఆనాలె, వేలికి సుద్ద, మూడు సార్లు తీసి పెద్దది రాసుకోవాలె. 257 వచ్చిందనుకోండి, రింగు తాకనీకే 48 ఎగరాలె, డంక్ చేయనీకే, అంటే బాల్‌ను చేత్తోనే రింగుల కుక్కనీకే, ఇంకో జానెడు.

ఎగురుడు లెక్క బాగనే ఉన్నది గని, ఉరికొచ్చి ఎగిరింది కొలిచిన్రు. వాలీబాల్ పోరనికి అది పుట్టువిద్య. రింగు కింద నలుగురి నడుమ ఇరుక్కున్నప్పుడు ఉరికే జాగ ఉండది. నిలబడ్డ కాడనే ఎగరాలె, దిగంగనే మళ్లీ ఎగరాలె. అందుకే గోడ పక్కన ఆగకుండా మూడు సార్లు ఎగిరించాలె. మూడోది మొదటి దానికన్నా అరచెయ్యంత కిందికి దిగితే కాళ్లల్ల ఇంకా బలం రాలేదు. అది స్క్వాట్లతోటి వస్తది, భయం లేదు.

"ఇంకా రెండు మూడు అంగుళాలు పెరుగుతడు" అనే లైను మాత్రం కొట్టేయాలె. మగపిల్లలకు తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కలిపి, దానికి 13 సెంటీమీటర్లు చేర్చి సగం చేస్తే సుమారు అంచనా. తండ్రి 172, తల్లి 160 అయితే 172.5 వస్తది. 8, 9 సెంటీమీటర్లు ఇటు అటు కావొచ్చు. అసొంటి ఇంటి పోరడు ఇప్పటికే 193 ఉంటే, ఇంకా పెరుగుతడని పైసలు పెట్టొద్దు. అనుమానముంటే ఎడమ మణికట్టు ఎక్స్‌రేల ఎముక పెరిగే గీత మూసుకున్నదా లేదా చూపెట్టుకోవచ్చు. వయసు కాగితాల మీది డౌటు కూడ కొంత తీరుతది.

ఆరోగ్యం కాలమ్‌ల "ఫిట్" అని ఒక్క ముక్క. సన్నగ, పొడుగ్గ, చేతులు బారుగున్న పోరనికి మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నదేమో చూడకుంట సీటు ఇయ్యొద్దు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బి చిరిగే జబ్బు అది. అమెరికా వాలీబాల్ ప్లేయర్ ఫ్లో హైమన్ 1986ల జపాన్‌ల మ్యాచ్ నడుస్తుండంగనే దీంతోనే పోయింది. 2014ల ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్టుకు, అంటే టీములు కొత్తోళ్లను ఎంచుకునే రోజుకు, కొన్ని రోజుల ముందు బాస్కెట్‌బాల్ ప్లేయర్ ఐజయా ఆస్టిన్‌కు బయటపడ్డది. బొటనవేలు లోపల మడిచి పిడికిలి పడితే గోరు చిటికెనవేలి వైపు బయటికి వస్తే, 2డీ ఎకో (గుండె స్కాన్) తీపించాలె. రాకున్నా తీపిస్తే నష్టం లేదు.

మునుగోడు, మర్రిగూడ దిక్కు పిల్లల పండ్ల మీద గార చూసి ఫ్లోరైడ్ అని పక్కన పెట్టేటోళ్లున్నరు. అది తప్పు. పండ్ల మచ్చ చిన్నప్పటి నీళ్లది, ఎముకలు బాగనే ఉండొచ్చు. మోకాళ్లు వంచకుంట కాలివేళ్లు ముట్టుడు, గదుమ ఛాతీకి ఆనిచ్చుడు, చేతులు నెత్తి ఎనుకకు పెట్టుడు, ఈ మూడు నొప్పి లేకుంట చేస్తే చాలావరకు ఫికరు లేదు. పట్టేస్తే డాక్టరుకు చూపెట్టాలె.

వీడియోల పడ్డ బాల్సే ఉన్నయి. పడనివి ఒక్కటి లేదు.

అసలు చూడాల్సినవి రెండు: చేతులు, నేర్చుకునే వేగం. నాలుగు మీటర్ల నుంచి గట్టిగ 20 పాసులు కొట్టాలె, సగం పక్కకు. ఎన్ని చేతులల్ల అతుక్కున్నయో లెక్కపెట్టాలె. వాలీబాల్ అలవాటుకు రీబౌండ్‌ను (రింగుకు తగిలి ఎనుకకు వచ్చే బాల్‌ను) పట్టకుంట వేళ్లతోటి తడుతుంటరు, అది నెల రోజులల్ల పోతది. పట్టినా జారిపోయే చేతులైతే కష్టం. ఫ్రీ త్రో రోజుకు పది, ఉరికిచ్చిన తర్వాత, అయిదు రోజులు. రింగు ముందటనే తగిలి పడితే అలసిన కాళ్లు. ఎడమకు, కుడికి పోతుంటే మోచెయ్యి వంకర, దాన్ని మార్చనీకే ఒక సీజన్ పడుతది. మొదటి రోజు డ్రాప్ స్టెప్ (రింగుకు వీపు పెట్టి నిలబడి, ఒక కాలు ఎనుకకు వేసి రింగు దిక్కు తిరుగుడు) ఒకసారి నేర్పి మళ్లీ యాది చేయొద్దు. నాలుగో రోజు మ్యాచ్‌ల తనంతట తనే చేస్తడా చూడాలె.

పొడుగు ఒక్కటే చాలదు. 7 అడుగుల 2 అంగుళాల మన దేశపు సత్నామ్ సింగ్‌ను 2015 డ్రాఫ్టుల డల్లాస్ టీము 52వ పిక్‌గ తీసుకున్నది, ఎన్‌బీఏల ఒక్క మ్యాచ్ ఆడలేదు. మహాత్మా గాంధీ (నల్లగొండ), పాలమూరు యూనివర్సిటీ పోటీలల్ల 193 పెద్ద ఎత్తే, కాదనం.

రిపోర్టుకు 5కు 2. పోరనికి మార్కులు ఇప్పుడే వేయం. ఎకో అయినంక మూడు వారాలు కాలేజీ కోర్టుల పెట్టుకుని, చేతులు మంచిగుంటే ఒక ఏడాదికి రాసివ్వండి, మూడింటికి కాదు. సర్వీసును ఎడిట్ చేయని పూర్తి మ్యాచ్ వీడియో అడగండి. సీటు ఖర్చులల్ల బూట్లు కూడ కలుపుకోండి. ఈ సైజు కాళ్లకు ఊరి షాపులల్ల దొరుకుడు కష్టం, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె.