బ్యాంకు అంటగట్టిన పాలసీ, నాలుగేళ్ల ఫిర్యాదులు: నా రివ్యూ

మిక్సీలకీ ఫోన్లకీ రివ్యూలు రాస్తుంటాం కదా, ఇది బ్యాంకులు, బీమా కంపెనీల మీద ఫిర్యాదు చేసే వ్యవస్థకి రివ్యూ. 2022 నుంచి వాడుతున్నాను. మొదట నాన్న కోసం, తర్వాత చుట్టాల కోసం. ఐదుకి మూడు స్టార్లు.

నాన్న రిటైర్డ్ టీచర్. 2021లో రెండు లక్షల ఎఫ్‌డీ మెచ్యూర్ అయితే రెన్యూవల్‌కి బ్రాంచికి వెళ్లారు. "ఎఫ్‌డీలో ఏముంది మాస్టారూ, ఇది వేసుకోండి, ఒక్కసారి కడితే చాలు" అని ఆఫీసరు టీ తెప్పించి మరీ సంతకాలు పెట్టించుకున్నాడు. పోస్టులో వచ్చిన బాండుని నాన్న విప్పకుండానే బీరువాలో పెట్టేశారు. ఏడాది తిరిగేసరికి ఇంకో రెండు లక్షలు కట్టమని మెసేజ్. అప్పుడు విప్పి చూస్తే అది ఏటా కట్టే బీమా పాలసీ, పన్నెండేళ్లు. నాన్నకి అప్పటికే 62. పెన్షన్ తప్ప ఇంకో రాబడి లేదు.

పన్నెండేళ్లే ఎందుకో తర్వాత తెలిసింది. అప్పటి నిబంధనల్లో ఒక్కసారి కట్టే జీవిత బీమాకి అమ్మినవాళ్లకిచ్చే కమిషన్ పరిమితి 2 శాతం. పన్నెండేళ్లు, ఆపైన కట్టే వాటికి మొదటి ఏడాది ప్రీమియంలోనే 35 శాతం దాకా ఇవ్వొచ్చు. టీ ఊరికే రాలేదన్నమాట.

బ్యాంకుని అడిగితే "మేం ఏజెంట్లమే, కంపెనీకి రాయండి" అన్నారు. కంపెనీ ఏమో "బ్యాంకు సిబ్బంది అన్నీ వివరించారు, సంతకం మీదే, ఫ్రీ లుక్ దాటిపోయింది" అంది. పాలసీ నచ్చకపోతే వెనక్కిచ్చే ఆ గడువు అప్పట్లో 15 రోజులు. 2024లో 30 చేశారు. బాండు బీరువాలో ఉంటే ఎన్ని రోజులిచ్చినా ఒకటే, అది వేరే సంగతి.

తర్వాత బీమా భరోసా పోర్టల్, అంటే బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు. టోకెన్ నంబరు వస్తుంది, ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది. 155255కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించొచ్చు. అయితే ఐఆర్‌డీఏఐ మీ కేసులో తీర్పు చెప్పదు. ఫిర్యాదు కంపెనీకే వెళ్తుంది, జవాబు కంపెనీయే ఇస్తుంది. ఇది ముందే తెలిసుంటే నాకు సగం టెన్షన్ తగ్గేది. అలాగని ఈ మెట్టు వదిలేయకండి. కంపెనీ కాదంటూ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు మాకు ఇక్కడే దొరికింది, తర్వాత అదే పనికొచ్చింది.

నేను నాలుగు స్టార్లిచ్చేది ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారికి. రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గరి ఆఫీసే. ఫీజు లేదు, లాయరుని పెట్టుకోనివ్వరు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. విచారణ వీడియోలో జరిగింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్ ముందు కూర్చున్నారు.

మమ్మల్ని గట్టెక్కించింది బాండు వెనకాల ఉన్న ప్రపోజల్ ఫారం (పాలసీ దరఖాస్తు) కాపీ. వృత్తి: వ్యాపారం. ఏడాది ఆదాయం: తొమ్మిది లక్షలు. చేతిరాత నాన్నది కాదు. "నాకు వ్యాపారమేంటండీ, ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పాను" అన్నారు నాన్న. మేం పెన్షన్ స్లిప్ పక్కన పెట్టాం. కంపెనీ తమ వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్ వినిపించింది. నాన్న అన్నిటికీ "ఆఁ, ఆఁ" అంటుంటే వెనకాల ఎవరో "అవుననండి మాస్టారూ" అంటున్నారు. అది నాకూ నాన్నకీ వినిపించింది. కంపెనీ ప్రతినిధికి వినిపించలేదట. ఫారంలో రాసిన ఆదాయం దగ్గర మాత్రం ఆ ప్రతినిధి ఆగిపోయి, చివరికి పాలసీ రద్దుచేసి రెండు లక్షలూ ఇచ్చేస్తామని ఒప్పుకున్నాడు. వడ్డీ లేదు. నాన్న సరేనన్నారు. నేనైతే ఒప్పుకునేవాడిని కాను.

మరి మొత్తం వ్యవస్థకి ఐదులో రెండు స్టార్లు ఎందుకు తీశానంటే, డబ్బు వచ్చింది గానీ అంటగట్టిన మనిషిని అడిగినవాళ్లు లేరు. ఫారం మీద అమ్మిన ఉద్యోగి కోడ్ ఉంది. అది టీ తెప్పించిన ఆయనది కాదు, నాన్న ఎన్నడూ చూడని ఇంకెవరిదో. కోడ్ ఎవరిదో చెప్పమని బ్యాంకుకి రెండుసార్లు రాశాను. "మీ సమస్య పరిష్కారమైంది" అని జవాబు. రెండు లక్షలు వెనక్కివ్వడంతో సరిపోయేటప్పుడు, పదిమందికి అమ్మి ఒకరిద్దరికి తిరిగిచ్చినా వాళ్లకి లాభమే కదా.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లయితే వాటిని నియంత్రించే సెబీ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్ ఉంది, నేను ఒక్కసారే వాడాను, కంపెనీకి 21 రోజుల గడువు. బ్యాంకు మీదే ఫిర్యాదైతే రిజర్వు బ్యాంకు వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్. ముందు బ్యాంకుకి రాసి 30 రోజులు చూడాలి. ఏం చేసినా ముందు రాసి, అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కౌంటర్ దగ్గర నోటితో చెప్పింది ఎక్కడా లెక్కలోకి రాదు.

పిన్నికి కూడా ఇలాంటిదే ఒకటి అంటగట్టారు, బ్యాంకు వేరు. బ్యాంకుకి రాసి ఇవాళ్టికి 23 రోజులు. ఇంకో వారం ఆగి సీఎంఎస్‌లో పెడతాను.