పెర్ల్ జామ్ తొలి ఆల్బమ్ ‘టెన్’: ఆరో పాట దగ్గర ఆపేయకండి

అమెరికా రాక్ బ్యాండు పెర్ల్ జామ్ తెచ్చిన ‘టెన్’ గురించి ఎవరితో మాట్లాడినా ‘అలైవ్’, ‘ఈవెన్ ఫ్లో’, ‘జెరెమీ’ దగ్గరే ఆగిపోతున్నారు. కాలేజీ ఫెస్టుల్లో స్టేజీ ఎక్కే కుర్రాళ్లు నేర్చుకునేవీ అవే, ఫోన్లో ప్లేలిస్టుల్లో కనిపించేవీ అవే. మూడూ గొప్ప పాటలే, అందులో అనుమానం లేదు. కానీ ఈ ఆల్బమ్ ప్రాణం చివరి పాట ‘రిలీజ్’లో ఉంది, మొత్తం పదకొండు పాటలూ వరసగా వింటే తప్ప ఆ సంగతి తెలీదు. వైజాగ్‌లో రాక్ వినే వాళ్లం ఎక్కువమందిమి లేము, ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఆరో పాట అయ్యాక వేరే ఆల్బమ్‌కి వెళ్లిపోతారు. ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు కొంచెం వెనక కథ తెలియాలి, ఎందుకంటే ఈ పాటల్లో ఉన్న బరువు అక్కడి నుంచే వచ్చింది. 1990 మార్చిలో అమెరికాలోని సియాటిల్‌లో మదర్ లవ్ బోన్ అనే బ్యాండు గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్ వల్ల చనిపోయాడు, అప్పటికి వాళ్ల మొదటి ఆల్బమ్ బయటికి కూడా రాలేదు. గిటారిస్టు స్టోన్ గోసార్డ్, బేస్ గిటార్ వాయించే జెఫ్ అమెంట్ ఒక్కసారిగా రోడ్డున పడ్డట్టయింది. కొన్నాళ్లకి గోసార్డ్ మళ్లీ గిటార్ పట్టుకుని, మైక్ మెక్‌క్రెడీ అనే ఇంకో గిటారిస్టుని కలుపుకుని, మాటల్లేని ట్యూన్లు కొన్ని క్యాసెట్‌లోకి ఎక్కించాడు. ఆ క్యాసెట్ జాక్ ఐరన్స్ అనే డ్రమ్మర్ చేతుల మీదుగా శాన్ డియాగోలో ఉన్న ఎడ్డీ వెడర్‌కి చేరింది. వెడర్ అప్పట్లో రాత్రిపూట పెట్రోల్ బంకులో డ్యూటీ చేసేవాడు, ఖాళీ దొరికితే సముద్రంలో సర్ఫింగ్. ట్యూన్లు విని, బోర్డు పట్టుకుని అలల మీదకి వెళ్లి, నీళ్లలో ఉండగానే మాటలు అల్లుకుని, ఇంటికొచ్చి మూడు పాటలకి గొంతు కలిపి పంపించేశాడు. వాళ్లు వెంటనే గాయకుడిగా సియాటిల్ రమ్మన్నారు.

మొదట్లో బ్యాండుకి మూకీ బ్లేలాక్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరే పెట్టుకున్నారు. తర్వాత అది పెర్ల్ జామ్‌గా మార్చుకోవాల్సి వచ్చింది, కానీ అతని జెర్సీ నంబరు 10 మాత్రం ఆల్బమ్ పేరుగా మిగిలింది. సియాటిల్‌లోనే లండన్ బ్రిడ్జ్ అనే స్టూడియోలో రిక్ పరాషర్ ప్రొడ్యూసర్‌గా రికార్డ్ చేశారు, 1991 ఆగస్టు 27న ఎపిక్ అనే మ్యూజిక్ కంపెనీ వాళ్లు విడుదల చేశారు. వెంటనే ఏమీ అమ్ముడుపోలేదు. 1992లో మెల్లగా ఊపందుకుని అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్స్ చార్ట్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది, ఇప్పటికి ఆ ఒక్క దేశంలోనే కోటీ 30 లక్షల కాపీలకి సర్టిఫికెట్ ఉంది.

ఇక పాటలు. ఆల్బమ్ పెట్టగానే మొదట వినిపించేది పాట కాదు, అమెంట్ బేస్ మీద వాయించిన ఒక మసకమసక సంగీతం. దూరం నుంచి తేలుతూ వస్తుంది, గిటార్లు దానిమీద మీగడలా పేరుకుంటాయి, అప్పుడు ఉన్నట్టుండి ‘వన్స్’ మీద పడుతుంది. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే ఆ మొదటి నిమిషానికే ఒళ్లు జలదరిస్తుంది. ‘ఈవెన్ ఫ్లో’ రోడ్డు పక్కన పడుకునే ఇల్లులేని మనిషి గురించిన పాట, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) మాత్రం కాళ్లు నిలవనివ్వదు. ఈ పాట ఒక పట్టాన కుదరక పదుల సార్లు వాయించారట. అంత కష్టం ఎందుకు పడ్డారో డ్రమ్స్, గిటారూ కలిసి కదిలే తీరు చూస్తే అర్థమవుతుంది, ఎక్కడా గడియారం పెట్టి కొట్టినట్టు ఉండదు, కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది.

‘అలైవ్’ దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఇన్నాళ్లూ నువ్వు నాన్న అనుకుంటున్న మనిషి నీ నాన్న కాదు, అసలు నాన్న చనిపోయాడు అని ఒక తల్లి తన కొడుక్కి చెప్పడం ఈ పాటకి మొదలు. ఇది వెడర్ సొంత జీవితం. తనని పెంచినాయన మారుటి తండ్రి అని అతనికి ఈడొచ్చాక తెలిసింది, అప్పటికే కన్నతండ్రి పోయాడు. ఆయన్ని కుటుంబానికి తెలిసిన మనిషిగా మాత్రమే చూశాడు. ఇలాంటి విషయం మన ఇళ్లలో కూడా ఏ పెళ్లిలోనో చావులోనో చుట్టాల నోటి నుంచి జారిపడుతుంది, విన్నవాడు ఆ తర్వాత ఇంట్లో అందరి మొహాలూ కొత్తగా చూస్తాడు. ఆ కుర్రాడికి బతికుండటమే శాపంలా అనిపించి రాసింది ‘నేనింకా బతికే ఉన్నాను’ అనే పల్లవి. కచేరీల్లో వేలమంది చేతులెత్తి గొంతెత్తి పాడుతూ పాడుతూ దాన్ని సంబరంగా మార్చేశారు, ఆ శాపం తన మీద నుంచి వాళ్లే తీసేశారని వెడరే తర్వాత చెప్పాడు. మెక్‌క్రెడీ చివరి సోలో వినేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి. వేగం చూపించుకోవడానికి వాయించిన సోలో కాదది, గొంతు ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి గిటార్ ఏడుపు అందుకుంటుంది.

‘వై గో’ సూటిగా కొట్టేసే పాట, అమెంట్ పన్నెండు తీగల బేస్ కోసం విన్నా చాలు. ‘బ్లాక్’ విడిపోయిన ప్రేమ గురించి. పరాషర్ పియానో ఎంత వెనక ఉండాలో అంతే వెనక ఉంటుంది. మాటలన్నీ అయిపోయాక వెడర్ ఇక ఉత్త రాగంతోనే పాడతాడు, ఆ రాగం పాట అయిపోయాక కూడా గుండెలో తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ దీన్ని సింగిల్‌గా, అంటే విడి పాటగా వదులుదాం, వీడియో తీద్దాం అని పట్టుబడితే బ్యాండు ఒప్పుకోలేదు. మరీ సొంత బాధని అలా బజార్లో పెట్టలేమన్నారు. కొత్త బ్యాండు, తొలి ఆల్బమ్, హిట్ గ్యారంటీ అని తెలిసీ వద్దన్నారంటే వాళ్ల మీద గౌరవం పెరగదా మరి? ‘జెరెమీ’ ఒక స్కూలు పిల్లాడి విషాదం మీద వచ్చిన పేపర్ వార్త చదివి వెడర్ రాసింది. దాని వీడియోకి 1993లో ఎంటీవీ అవార్డులు వచ్చాయి, ఆ తర్వాత కొన్నేళ్లు వీళ్లు వీడియోలే మానేశారు.

ఇక్కడే చాలామంది లేచి వెళ్లిపోతారు. దయచేసి కూర్చోండి.

ఏడో పాట ‘ఓషన్స్’, రెండు నిమిషాల చిల్లర. వెడర్ రిహార్సల్ మధ్యలో పార్కింగ్ మీటర్లో డబ్బులు వేద్దామని బయటికెళితే తలుపు లాక్ అయిపోయిందట, చినుకులు పడుతున్నాయి, ఎంత కొట్టినా లోపల వాళ్లకి వినపడలేదు, గోడ అవతల నుంచి బేస్ ఒక్కటే వినిపిస్తుంటే జేబులో ఉన్న కాగితం మీద మాటలు రాసేశాడు. పాటలో కూడా నిజంగా గోడ అవతల నుంచి వచ్చినట్టే ఆ బేస్ వినిపిస్తుంది. మిక్సింగ్, అంటే రికార్డ్ చేసిన గొంతునీ వాయిద్యాలనీ కలిపి కుదిర్చే పని, ఇంగ్లండులో ఒక పల్లెటూరి ఫామ్ స్టూడియోలో టిమ్ పామర్ చేశాడు. వాయిద్యాలు అద్దెకి తెచ్చుకునే షాపు దగ్గర్లో లేక మిరియాల డబ్బా, మంటలార్పే సిలిండరు పట్టుకుని ఈ పాటకి తాళం వాయించాడు. చెవి పెట్టి వింటే వెనక గలగల, మెత్తగా గంట మోగినట్టు ఒక చప్పుడు, రెండూ దొరుకుతాయి.

ఈ పాట వినడానికి మన వైజాగ్‌ని మించిన చోటు ఇంకోటి ఉండదు, ఈ మాట ఊరి మీద అభిమానంతోనే అంటున్నాను, కానీ నిజం కూడా. భీమిలి వెళ్లే 900కే బస్సులో కుడివైపు కిటికీ సీటు పట్టుకుని, ఎక్కగానే ఆల్బమ్ మొదలుపెట్టండి. మొదటి సగం సిటీ ట్రాఫిక్‌కీ, హారన్లకీ, సిగ్నళ్లకీ సరిపోయే పాటలు. రుషికొండ దాటి సముద్రం పక్కకి వచ్చేసరికి రెండో సగంలో ఉంటారు. వానాకాలంలో అలలు ఎత్తుగా లేస్తున్నప్పుడయితే ఇంకా బాగుంటుంది. ఈ మాటలు రాసిన మనిషి అలల మీద బోర్డు వేసుకుని పెరిగినవాడని మంగమారిపేట దగ్గర ఆ నీళ్లని చూస్తుంటే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకున్న మా ఫ్రెండ్ ఒకడికి రాక్ అంటే తలనొప్పి, వాడు కూడా ‘ఓషన్స్’ విని అల వచ్చేముందు ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఇలాగే ఉంటుందిరా అన్నాడు.

‘పోర్చ్’ కోపంగా పరిగెత్తే పాట, ఇంకా రెండు నిమిషాలు ఉన్నా బాగుండేది. ‘గార్డెన్’, ‘డీప్’ మాత్రం నాకు ఈ ఆల్బమ్‌లో బలహీనంగా అనిపించేవి. ‘గార్డెన్’లో గిటార్ మొదలు అందంగా ఉంటుంది కానీ పల్లవి దానికి తగినంత ఎత్తుకి ఎదగదు. ‘డీప్’లో శబ్దం ఎక్కువ, ట్యూను తక్కువ. అయినా దాటేయకండి, ఎందుకంటే ఆ గోల అంతా ఒక్కసారి అణిగాకే ‘రిలీజ్’ మొదలవుతుంది.

‘రిలీజ్’ కాగితం మీద రాసుకుని కట్టిన పాట కాదు. మిగతావాళ్లు ఏదో వాయించుకుంటూ ఉంటే వెడర్ మైకు ముందు నిలబడి అప్పటికప్పుడు పాడటం మొదలుపెట్టాడు, వచ్చినదల్లా చనిపోయిన నాన్నతో మాట్లాడటమే. గిటార్ ఒకే స్వరం చుట్టూ శ్రుతి పెట్టినట్టు తిరుగుతుంది, గొంతు చాలా కింద నుంచి, దాదాపు గొణుగుడులా మొదలవుతుంది. డ్రమ్మర్ డేవ్ క్రూసెన్ తొందరపడడు, గొంతు ఎప్పుడు లేస్తుందో కనిపెట్టుకుని దానితోపాటే లేస్తాడు. నాలుగో నిమిషానికి వచ్చేసరికి వెడర్ పూర్తి గొంతుతో పిలుస్తుంటాడు. ‘అలైవ్’లో అమ్మ చెప్పిన మాటకి కొడుకు జవాబు ఇదే. ఆ జవాబు అమ్మకి కాదు, తనకి దొరకకుండా పోయిన మనిషికి. ఇంగ్లిష్ మాటలు సగం అర్థం కాకపోయినా పర్వాలేదు, వెడర్ ఎలాగూ మాటల్ని నమిలేస్తాడు, అమెరికావాళ్లకే సరిగ్గా అర్థం కావు. నాన్న లేనివాళ్లు మాత్రం ఈ పాట ఒంటరిగా ఉన్నప్పుడు వినండి, బస్సులో వద్దు. దాని తర్వాత మొదట్లో వినిపించిన ఆ మసక సంగీతమే మళ్లీ వస్తుంది, ప్లేయర్ రిపీట్‌లో ఉంటే ఆల్బమ్ అతుకు కనిపించకుండా మళ్లీ మొదలవుతుంది.

ఫిర్యాదు ఒకటుంది, అది చిన్నదేం కాదు. రివర్బ్ (ప్రతిధ్వని) ఎక్కువైపోయింది. కల్యాణ మండపంలో ఖాళీ కుర్చీల మధ్య మైకు పెట్టి పాడించినట్టు కొన్నిచోట్ల గొంతు, డ్రమ్స్ గోడలకి తగిలి తిరిగొస్తాయి. చిన్న ఇయర్‌బడ్స్‌లో అయితే ‘ఈవెన్ ఫ్లో’ మరీ గందరగోళంగా వినిపిస్తుంది. బ్యాండుకే ఈ సంగతి నచ్చలేదు, అందుకే 2009లో ప్రొడ్యూసర్ బ్రెండన్ ఓబ్రైన్ చేత ఆల్బమ్ మొత్తం మళ్లీ మిక్స్ చేయించి పాతదానితో కలిపి వదిలారు. కొత్త మిక్స్‌లో గొంతు పొడిగా, దగ్గరగా, చెవి పక్కనే ఉంటుంది. రెండు గిటార్లలో ఎవరు ఏం వాయిస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది. గిటార్ నేర్చుకుంటున్నవాళ్లకి నేను కొత్తదే చెబుతాను, గోసార్డ్ రిఫ్ ఎక్కడ ఆగి మెక్‌క్రెడీ ఎక్కడ దూరుతున్నాడో అందులో పట్టుకోవడం తేలిక. ‘వన్స్’, ‘వై గో’, ‘పోర్చ్’ కొత్త మిక్స్‌లోనే బాగున్నాయి. కానీ ‘ఓషన్స్’, ‘రిలీజ్’ పాతదాంట్లోనే వినాలి, ఆ రెండిటికీ ఆ ఖాళీ జాగా కావాలి. మొదటిసారి వినేవాళ్లు పాత మిక్స్‌తోనే మొదలుపెట్టండి, స్ట్రీమింగ్‌లో రెండూ ఉన్నాయి, పేరు చూసి ఎంచుకోండి. దిగుమతి చేసుకున్న రికార్డు కొనాలంటే వేలల్లో ఖర్చు, మంచి టర్న్‌టేబుల్ ఇంట్లో ఉంటేనే ఆలోచించండి. లేకపోతే ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోవడం మేలు, ఈ ఆల్బమ్‌కి అవే ఎక్కువ ఉపయోగం.

ఇంకొక్కటి. వెడర్ ఆ క్యాసెట్‌లో పంపిన మూడు పాటలూ కలిపి ఒకే కథ. ‘అలైవ్’లో నిజం తెలిసిన కుర్రాడు ‘వన్స్’లో హంతకుడవుతాడు, మూడోదయిన ‘ఫుట్‌స్టెప్స్’లో జైల్లో కూర్చుని మరణశిక్ష కోసం ఎదురుచూస్తాడు. ఆల్బమ్‌లో మొదటి రెండూ ఉన్నాయి, అదీ వరస తిరగేసి. ‘ఫుట్‌స్టెప్స్’ ఇందులో లేదు, ‘జెరెమీ’ సింగిల్‌కి రెండోవైపు పాటగా వచ్చింది, తర్వాత 2003లో ‘లాస్ట్ డాగ్స్’ అనే సంకలనంలో పెట్టారు. ఆల్బమ్ బాగా అలవాటయ్యాక ఈ మూడూ కథ వరసలో ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని వినండి, ‘వన్స్’లో ఆ అరుపులు ఎందుకో అప్పుడు తెలుస్తుంది.